విశ్వేశ్వరయ్యగారి లెక్క

వరద వచ్చిన పిమ్మట సహాయము ప్రకటించుట ప్రభుత్వములకు పరిపాటి. రాకమునుపే వ్యయము చేయుట రాజనీతి. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి చరిత్రమును మే మిందులకే స్మరించుచున్నాము.

వీరి పూర్వుల గ్రామము ఆంధ్రదేశములోని మోక్షగుండము. బాల్యముననే తండ్రిని గోల్పోయి, బెంగుళూరులో పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు వీరు 1881లో పట్టభద్రులైరి. మైసూరు ప్రభుత్వ మొసగిన విద్యార్థివేతనముతో పూనాలో ఇంజనీరింగు చదివి 1883లో ఉత్తీర్ణులైరి.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచి వేలమందిని పొట్టబెట్టుకొనెను. మరుసటియేట నిజాము ప్రభుత్వము వీరిని రావించెను. నగరమునకు ఎగువనే జలాశయములు గట్టి వరదనీటిని నిలుపవలెనని వీరు సలహా యిచ్చిరి. ఉస్మాన్ సాగరు 1920లోను, హిమాయత్ సాగరు 1927లోను పూర్తియయ్యెను. ఒరిస్సా తీరమును ముంచెడి మహానదికిని 1937లో వీ రిట్టి జలాశయములనే సూచించిరి.

1912లో మైసూరు దివాను పదవి నధిష్ఠించి, 1913లో ప్రాథమిక విద్యాశాసనమును వెలువరించి, 1916లో విశ్వవిద్యాలయమును నెలకొల్పిరి. తాము పొందిన మేలును ఇతర బాలుర కందించిరి.

ఒక పేదబాలునికి మైసూరు ఖజానా యిచ్చిన స్వల్పవేతనము కడకు హైదరాబాదును గాచెను. బడికిని గట్టుకును పెట్టు ద్రవ్యమును దుబారా యని కొట్టివేయు పాలకులు ముందుగా ఈ లెక్కను సరిచూచుకొందురు గాక!