మ్యూలు యంత్రనిర్మాత శామ్యూల్ క్రాంప్టన్

పదిమంది పని ఒక్కడే చేయగల యంత్రము వచ్చినపుడు ఆ పదిమంది బ్రదుకులు బాగుపడునా, చెడునా? శామ్యూల్ క్రాంప్టన్ చరిత్రమున ఈ ప్రశ్నకు కొంత సమాధానము కలదు.

అతడు 1753 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండులోని లాంకషైరు మండలమున, బోల్టను పట్టణము చెంత జన్మించెను. చిన్ననాటనే తండ్రి గతించెను. తల్లి కడు నియమపరురాలు. కుమారుడు ప్రతిదినము ఇంత నూలని వడికి తీరవలెను. హార్‌గ్రీవ్సు నిర్మించిన జెన్నీ యంత్రముపై దారము మాటిమాటికి తెగుచుండెడిది. తెగిన పోగులు అతుకుటకే ఆ యువకుని పొద్దు చెల్లుచుండెడిది. ఆ విసుగే నూతన యంత్రమునకు బీజమయ్యెను.

అయిదేండ్లు రహస్యముగా శ్రమించెను. పనిముట్లకై బోల్టను నాటకశాలలో ఫిడేలు వాయించి డబ్బు కూర్చుకొనెను. 1779లో యంత్రము సిద్ధించెను. ఆ యేడే కూలి పోవునను భయముతో జనులు యంత్రములను బ్రద్దలు కొట్టుచుండగా, తన యంత్రమును విప్పి అటుకపై దాచెను. జెన్నీనుండి కదలెడి బండిని, ఆర్క్‌రైటు యంత్రమునుండి రోలర్లను గ్రహించి కలిపినందున దానికి మ్యూలు, అనగా కంచరగాడిద, అను పేరు వచ్చెను.

నూరు పౌనుల ప్రత్తిని సన్నగా వడకుటకు మన దేశపు చేతులకు 50,000 గంటలు పట్టెననియు, క్రాంప్టన్ మ్యూలుకు 2,000 గంటలు, 1825 నాటి స్వయంచాలక మ్యూలుకు 135 గంటలు చాలెననియు చరిత్రకారులు లెక్కించిరి.

బట్ట చవుకయ్యెను, పేదలకును మంచి వస్త్రము దొరికెను. నూలు సమృద్ధియగుటచే లాంకషైరు నేతగాండ్రు కొంతకాలము సుఖించిరి. మరమగ్గములు రాగానే దరిద్రులైరి. మన తెలుగునాట నేతగాండ్రకు సీమనూలు చవుకగా లభించెను గాని, ఇంట రాట్నము త్రిప్పి పొట్టపోసికొను స్త్రీల కూడు పోయెను. శ్రీకాకుళము సీమలోని పొందూరున మాత్రము ఆ సన్ననూలు విద్య నేటికిని నిలిచియున్నది.

మరి నిర్మాతకు దక్కినదేమి? పేటెంటుకు సొమ్ము లేదు. జనులు నిచ్చెనలు వేసి కిటికీలగుండ తొంగి చూచుచుండిరి. చందా లిత్తుమన్న వర్తకుల మాట నమ్మి రహస్యము వెల్లడించెను. చేతికందినవి సుమారు 60 పౌనులు. 1811 నాటికి దేశమున 40 లక్షలకు పైగా మ్యూలు కదుళ్లు తిరుగుచుండెను. 1812లో పార్లమెంటు 5,000 పౌనులిచ్చెను. అదియు వ్యాపారమున హరించెను. 1827 జూను 26వ తేదీన పేదగనే కన్నుమూసెను. 1862లో బోల్టను పట్టణమువారు విగ్రహము నిలిపిరి.

యంత్రము శ్రమను తగ్గించుట నిజము. ఆ మిగులు ఎవరి యింట చేరవలెనో నిర్ణయింపవలసినది మాత్రము మనుష్యులే.