పేర్లు చదివే రాత్రి

బడిలో చదువుకున్న వాళ్లెవరూ హాజరు పట్టీని మరిచిపోరు. మాస్టారు పేరు చదవగానే లేచి నిలబడి పలికేవాళ్లం. పేరు చదివారంటే మనం ఉన్నట్టు లెక్క. పేరు చదివితే ఇక ఆ మనిషి లేనట్టే అయిన చోటు ఒకటి ఉండేది. ఆ చోట పనిచేసి, చివరికి తన పేరు కూడా విన్న ఒక హెడ్మాస్టరు గారి అమ్మాయి కథ ఇది.

ఎట్టీ హిల్లెసుమ్ 1914 జనవరి 15న నెదర్లాండ్స్‌లోని మిడెల్‌బర్గ్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. తండ్రి గ్రీకు, లాటిన్ పండితుడు, డెవెంటర్ పట్టణంలో హైస్కూలు ప్రధానోపాధ్యాయుడు. తల్లి రష్యా నుంచి వచ్చిన మనిషి. ఇద్దరు తమ్ముళ్లలో యాప్ డాక్టరు, మీషా పియానో విద్వాంసుడు. ఎట్టీ ఆమ్‌స్టర్‌డామ్‌లో న్యాయశాస్త్రం చదివింది. తర్వాత రష్యన్ భాష మీద మనసు పెట్టి, ఆ భాషలో ట్యూషన్లు కూడా చెప్పేది. 1940 మే నెలలో జర్మనీ ఆ దేశాన్ని ఆక్రమించుకుంది. ఆ ఏడాదే, యూదుడన్న ఒక్క కారణంతో తండ్రిని కొలువులోంచి తీసేశారు. 1941 మార్చిలో ఆమె డైరీ రాయడం మొదలుపెట్టింది.

1942 జూలైలో యూదులను రైళ్లలో తూర్పుకు పంపడం మొదలైంది. జర్మన్ల ఆజ్ఞతో ఏర్పడిన యూదు మండలిలో ఉద్యోగం ఉన్నవాళ్లకు కొంతకాలం మినహాయింపు దొరికేది. తమ్ముడి బలవంతం మీద ఎట్టీ అక్కడ గుమాస్తాగా చేరింది. అయితే తోటివాళ్లు వెళ్లిపోతుంటే తాను కాగితాల మాటున దాక్కున్నట్టు ఆమెకు అనిపించింది. సుమారు రెండు వారాలకే, తనను వెస్టర్‌బోర్క్ క్యాంపుకు పంపమని తానే అడిగి వెళ్లింది.

వెస్టర్‌బోర్క్ దేశానికి ఈశాన్యాన, చెట్టూ చేమా పెద్దగా లేని బీడులో ఉంది. జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదుల కోసం 1939లో డచ్ ప్రభుత్వమే దాన్ని కట్టించింది. 1942 జూలై 1న జర్మన్లు స్వాధీనం చేసుకున్నాక, అది మనుషులను ఎగుమతి చేసే స్టేషనయింది. చుట్టూ ముళ్లకంచె. ఎండాకాలం ఇసుక, వానాకాలం బురద. పొడవాటి చెక్క షెడ్లలో మూడంతస్తుల ఇనుప మంచాలు. లోపల పెద్ద ఆసుపత్రి, పిల్లలకు బడి, చివరికి నాటక ప్రదర్శనలు కూడా ఉండేవి. జబ్బుపడిన వాడికి వైద్యం చేసి, నయమయ్యాక రైలెక్కించేవారు.

1943లో రైలు రోజు మంగళవారం. ముందు రాత్రి షెడ్లలో జాబితా చదివేవారు. సుమారు వెయ్యి మంది కావాలన్నది పైనుంచి వచ్చే లెక్క. ఒక పేరు కొట్టేస్తే ఆ జాగాలో ఇంకో పేరు చేరాలి. ఇంజనీరుగా నన్ను కలవరపెట్టేది ఇదే: ఆ ఏర్పాటులో ఎక్కడా లోపం లేదు. రైలు వేళకు బయల్దేరేది, పెట్టెలు ఖాళీగా తిరిగొచ్చేవి, మళ్లీ నిండేవి.

ఆ రాత్రుల్లో ఎట్టీ పని చాలా చిన్నది. పసిపిల్లలకు బట్టలు తొడగడం, ముసలివాళ్లకు మూటలు కట్టిపెట్టడం, చివరి కబురు ఎవరికో అందేలా చూడటం, ఏడ్చేవాళ్ల పక్కన కూర్చోవడం. మామూలు రోజుల్లో ఆసుపత్రి షెడ్లలో మంచం మంచానికీ తిరిగేది. మొదట్లో సెలవు మీద ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి రాగలిగేది. వెళ్లినప్పుడు క్యాంపు వాళ్ల ఉత్తరాలు తీసుకెళ్లేది, వచ్చేటప్పుడు మందులు తెచ్చేది. ఒక్క రైలును కూడా ఆమె ఆపలేకపోయింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

దాచిపెడతాం రమ్మని స్నేహితులు ఎన్నోసార్లు బతిమాలారు. ఒప్పుకోలేదు. తాను తప్పించుకుంటే ఆ జాగాలో మరొకరు వెళ్లాలి కదా అన్నది ఆమె ఆలోచన. అది పొరపాటని, బతికే హక్కును చేజేతులా వదులుకుందని అనేవాళ్లు నేటికీ ఉన్నారు. వాళ్ల మాటను నేను తీసిపారేయలేను. దాక్కుని బతికినవాళ్లు ఏ తప్పూ చేయలేదు. కానీ ఆ రాత్రుల్లో ఆమె సాయం అందుకున్న వాళ్లవైపు నుంచి కూడా ఒకసారి చూడాలి.

1943 జూన్‌లో తల్లిదండ్రులు, మీషా అదే క్యాంపుకు వచ్చారు. జూలైలో మండలి ఉద్యోగుల ప్రత్యేక హోదా రద్దయింది. సగం మందిని ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లనిచ్చినా, ఎట్టీ కన్నవాళ్ల దగ్గరే ఉండిపోయి మామూలు ఖైదీ అయింది. ఆ తర్వాత ఆమె రోజంతా ఆ ముగ్గురి పేర్లు జాబితాలో చేరకుండా చూసుకోవడంతోనే సరిపోయేది. ఇన్నాళ్లూ ఇతరులను ఓదార్చిన మనిషి, సొంతవాళ్ల దగ్గరకొచ్చేసరికి గుండె చిక్కబట్టుకోలేక అవస్థపడింది.

సెప్టెంబరు 7, మంగళవారం. 987 మందితో వెళ్లిన రైల్లో ఆ నలుగురూ ఉన్నారు. పెట్టెలోంచి ఆమె ఒక పోస్టుకార్డు బయటికి విసిరింది. పట్టాల పక్కన దొరికిన ఆ కార్డును రైతులు పోస్టు చేశారు. పాడుకుంటూ క్యాంపు వదిలామని అందులో ఉంది. తల్లిదండ్రులు ఆ నెలలోనే పోయారు. రెడ్‌క్రాస్ నమోదు ప్రకారం ఎట్టీ 1943 నవంబరు 30న ఆష్విట్జ్‌లో మరణించింది. అప్పటికి 29 ఏళ్లు. తమ్ముళ్లిద్దరూ కూడా యుద్ధం దాటి రాలేదు.

వెళ్లేముందు డైరీలను ఒక స్నేహితురాలికి అప్పగించింది. యుద్ధం తర్వాత ఏళ్లతరబడి వాటిని అచ్చువేసేవారు దొరకలేదు. 1981లో వెలువడ్డాక ఎన్నో భాషల్లోకి వెళ్లాయి.

వెస్టర్‌బోర్క్ మైదానంలో ఇప్పుడు 1,02,000 రాళ్లు ఉన్నాయి, తిరిగిరాని ఒక్కో మనిషికి ఒక్కో రాయి చొప్పున. కొన్నేళ్లకొకసారి అక్కడ ఆ పేర్లన్నీ పైకి చదువుతారు. రాత్రింబవళ్లు చదివినా రోజులు పడుతుంది. మన హాజరు పట్టీలోలాగే, ఇప్పుడక్కడ పేరు చదివితే ఆ మనిషి ఉన్నట్టు లెక్క.