ఒకే బల్లయొద్ద ఇద్దరు: హెన్రీ మార్టిన్ జీవితము

చార్మినారు చుట్టునున్న వీధులలో ఉర్దూ వ్రాతలు చూచునప్పుడెల్ల మాకు హెన్రీ మార్టిన్ గారు జ్ఞాపకము వచ్చుచుందురు. ఆయన పనిచేసినది ఉత్తరదేశములో. అయినను ఆయన బ్రతుకులో పాతబస్తీ క్రైస్తవులమైన మనకు ఒక పాఠమున్నది.

1781 ఫిబ్రవరి 18న ఇంగ్లండులోని ట్రూరోలో ఆయన జన్మించారు. 1801లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో ప్రథములైరి. 1806లో ఈస్టిండియా కంపెనీ చాప్లెయినుగా కలకత్తా చేరి, దానాపూరు, కాన్పూరులలో సేవచేశారు. అక్కడనే మీర్జా ఫిత్రత్ అను ముస్లిము పండితునితో కూర్చుండి క్రొత్త నిబంధనను ఉర్దూలోనికి తర్జుమా చేశారు. అది 1814లో శ్రీరాంపూరులో అచ్చయినది. ఖుదా, ఇంజీల్ వంటి పొరుగువారి మాటలలోనే సువార్త వినబడినది.

పారసీక తర్జుమా అంత సులువు కాలేదు. మొదటి ప్రతి అరబ్బీ పదములతో బరువెక్కి సామాన్యులకు పనికిరాదని తేలినది. శ్రమ వ్యర్థమైనదని ఆయన కూలబడలేదు. క్షయవ్యాధితో కృశించుచుండియు 1811లో షీరాజు వెళ్లి, మీర్జా సయ్యద్ అలీ సహాయముతో మరల తర్జుమా చేసి, 1812లో ముగించారు.

ఆ షీరాజులోనే మరియొక సంగతి జరిగినది. ఒక ముస్లిము విద్వాంసుడు తన మతమును సమర్థించుచు గ్రంథము వ్రాయగా, మార్టిన్ గారు పారసీకములో జవాబులు వ్రాశారు. వాదగ్రంథము మరియొక వాదగ్రంథమును కోరును. అందులో ఎదుటివాడు ప్రతివాది. తర్జుమా బల్లయొద్దనైతే అతడే గురువు. దేవుని గూర్చి ఏమి చెప్పుదుమన్నదే గాక, ఏ రీతిగా చెప్పుదుమన్నదియు మన విశ్వాసమును మలచును.

స్వదేశమునకు మరలుచు 1812 అక్టోబరు 16న టర్కీలోని తోకాట్‌లో ఆయన ప్రభువునందు నిద్రించారు. అప్పటికి వయస్సు 31 ఏండ్లు మాత్రమే.

ముస్లిములమధ్య పరిచర్యకు సేవకులను సిద్ధపరచుటకై 1930లో లాహోరులో ఆయన పేర ఒక విద్యాలయము వెలసినది. అది 1971లో మన హైదరాబాదు చేరినది. 1990 అల్లర్ల తరువాత పాతబస్తీలో ఉభయ మతస్థుల మధ్య సమాధాన పరిచర్య చేపట్టినది. వాదము నేర్పుటకన్న వినుట నేర్పుటయే ముఖ్యమని ఆ సంస్థ గ్రహించినది.

మరి మనమో? రంజాను నాడు పొరుగింటి షీర్ ఖుర్మా త్రాగుదుము గాని, వారి ప్రార్థనలోని ఒక్క మాటకైనను అర్థము అడిగి ఎరుగము. అడిగి తెలిసికొను వినయమును ప్రభువు మనకు అనుగ్రహించును గాక!