ఒంగోలు క్లౌ దొర

ధర్మశాస్త్ర క్రియలచేత గాక విశ్వాసంచేతనే రక్షణ అన్నది పౌలు బోధ. 1866లో ఒంగోలు చేరిన అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ (1836-1910) చెప్పినదీ అదే. అయినా తన బోధ విన్న మాదిగలకు ఆయన మూడు నియమాలు విధించారు: ఆదివారం పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. వినడానికి స్వల్పమే! కానీ పిలిచిన రోజున పనికి రానివారిపై గ్రామపెద్దలు కక్షగట్టారు. విశ్వాసాన్ని నియమాలతో బంధించడం సరికాదనవచ్చు. ఏడు దినాలూ వెట్టిలో మగ్గినవారికి మాత్రం ఆ ఆదివారం బంధనం కాదు, విడుదలే.

1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం గుత్తకు తీసుకొని, క్లౌ వేలమందికి కూలి కల్పించారు. తిండికోసం ఎవరూ మతం పుచ్చుకోరాదని బాప్తిస్మాలు నిలిపివేశారు. తమకు సహాయం అక్కరలేదని, బాప్తిస్మమే కావాలని జనం పట్టుబట్టారు. చివరకు ఆయన అంగీకరించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.