దీపము పట్టిన చేతిలో లెక్కల పట్టిక

ఫ్లారెన్సు నైటింగేలు పేరు వినగానే మన విద్యార్థులకు చేత దీపము ధరించి, రాత్రివేళ క్షతగాత్రుల నడుమ సంచరించు సేవామూర్తి స్ఫురించును. ఆ చిత్రము సత్యమే. కాని ఆమె జీవితమున ఎక్కువ కాలము లెక్కల పట్టికలతోనే గడచెను. రోగమునకు అన్ని ఆసుపత్రులలోను ఒకే పేరుండవలెననియు, రోగి స్థితిని అందరును ఒకే తీరున వ్రాయవలెననియు ఆమె పట్టుబట్టెను.

ఆమె 1820 మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున, సంపన్నమగు ఆంగ్ల కుటుంబమున జన్మించెను. పుట్టిన ఊరి పేరే ఆమెకు పెట్టిరి. తండ్రి ఇంటివద్దనే చదువు చెప్పెను. గణితమన్న ఆమెకు మక్కువ మెండు. ఆసుపత్రి పరిచర్య గౌరవకుటుంబముల స్త్రీలకు తగదని తలచు కాలమది. తల్లియు అక్కయు వలదనిరి. అయినను ఆమె 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్తునకు పోయి పరిచర్య నేర్చుకొనెను.

క్రిమియా యుద్ధకాలమున, మంత్రి సిడ్నీ హెర్బర్టు కోరికపై, 38 మంది పరిచారికలతో 1854 నవంబరులో టర్కీలోని స్కుటారి సైనికాసుపత్రి చేరెను. అచట గాయములకంటె కలరా, జిగట విరేచనములు, విషజ్వరములు ఎక్కువమందిని బలిగొనుచుండెను. 1855 మార్చిలో వచ్చిన ఆరోగ్యసంఘమువారు మురుగుకాలువలు బాగుచేయించిన పిదప మరణములు వేగముగా తగ్గెను.

అచటనే ఆమె మరియొక ఘోరమును గమనించెను. మృతుల లెక్క మూడు చోట్ల వ్రాయబడుచుండెను. ఆ మూడును ఒకదానితో ఒకటి పొసగలేదు. పూడ్చిపెట్టిన వందలాది సైనికుల పేర్లు వైద్యుల పట్టీలో కానరాలేదు. లెక్కకెక్కని చావునకు కారణమడుగువారెవరు? కారణము తెలియనిదే దానిని ఆపుటెట్లు?

1856లో స్వదేశము చేరిన పిమ్మట, జననమరణముల నమోదు కార్యాలయమునందలి విలియం ఫార్ సాయముతో ఆ లెక్కలను శోధించెను. నివారింపదగిన అంటురోగములవలని మరణములను నీలపురంగున, గాయములవలని వానిని ఎఱ్ఱరంగున, తక్కినవానిని నల్లరంగున చక్రాకార చిత్రములో చూపెను. నీలపు భాగమే మిక్కిలి పెద్దదయ్యెను. 1858లో లండను గణాంకశాస్త్ర సంఘమున సభ్యత్వమొందిన తొలి మహిళ ఆమెయే.

లండను ఆసుపత్రులలో ఒక్కొక్కటి ఒక్కొక్క విధముగా రోగములకు పేర్లు పెట్టి లెక్కలు వ్రాయుచుండెను. అందుచే ఎచట రోగులు కోలుకొనుచున్నారో, ఎచట నశించుచున్నారో పోల్చి చూచుటకు వీలు లేకుండెను. చేరినవారెందరు, కోలుకొనినవారెందరు, మరణించినవారెందరు, ఎన్ని దినములుండిరి, ఏ రోగమున అను వివరములకు ఆమె ఒకే తీరు పత్రములను సిద్ధపరచెను. 1860లో లండనులో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ఆ ప్రతిపాదనలను చర్చించెను. కొన్ని ఆసుపత్రులు వానిని వాడి చూచెను. కాని పత్రములు జటిలములయ్యెను. రోగముల పట్టికపై వైద్యులకు ఏకాభిప్రాయము కుదరలేదు. ఆ యత్నము నిలువలేదు. ఆ ఏడే సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర పరిచారికల పాఠశాల వెలసెను.

ఆమె భావములన్నియు సరియైనవి కావు. దుర్గంధపు గాలియే రోగకారణమని చిరకాలము నమ్మి, సూక్ష్మక్రిముల సిద్ధాంతమును ఆలస్యముగా అంగీకరించెను. అయినను ఆమె లెక్కలు చెదరలేదు.

1857 నుండి అనారోగ్యముచే తరచు మంచము పట్టియుండియు ఆమె కలము ఆగలేదు. మన దేశమునకు ఎన్నడును రాకపోయినను, ఇచటి దండు విడిదులన్నిటికిని ఒకే ప్రశ్నావళి పంపించెను. సాలుకు వేయిమందికి 69 మంది సైనికులు మరణించుచున్నట్లు 1863 నాటి నివేదిక వెల్లడించెను. తరువాత గ్రామారోగ్యము, నీటిపారుదల ఆమె దృష్టినాకర్షించెను. ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటను వాదమును ఆమె బలపరచెను.

1910 ఆగస్టు 13న తన తొంబదియవ ఏట ఆమె లండనులో కన్నుమూసెను. నాడు నిలువని యత్నమును తరువాతివారు కొనసాగించిరి. 1893లో మరణకారణముల అంతర్జాతీయ పట్టిక ఏర్పడెను. 1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున నర్సులు సమావేశమై, రోగియందు తాము గుర్తించు సమస్యలకు ఏకరూపమగు పేర్లు కూర్ప నారంభించిరి. 2020లో కొత్త అంటువ్యాధి లోకమంతట వ్యాపించినప్పుడు దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్-19 అను ఒకే పేరు పెట్టెను. అన్ని దేశముల రోగుల లెక్కను ఒకచోట చేర్చుటకు ఆ ఒక్క పేరు ఆధారమయ్యెను.

ఉపాధ్యాయులు ఆమె దీపమును గూర్చి తప్పక చెప్పవలెను. దానితోపాటు, స్కుటారిలో పట్టీకెక్కని ఆ సైనికులను గూర్చియు, వారికొరకు ఆమె జీవితాంతము వ్రాసిన పట్టికలను గూర్చియు పిల్లలకు చెప్పుట మేలు.