తరిగొండ వెంగమాంబ: ఊరు వెఱ్ఱిదన్న కవయిత్రి

తిరుమలలో ఏకాంతసేవ వేళ వెంగమాంబ పేర ముత్యాల హారతి నేటికిని జరుగుచున్నది. యాత్రికులు భుజించు అన్నప్రసాద భవనమునకును ఆమె పేరే పెట్టిరి. ఇంతటి గౌరవము నందిన ఈమెను ఒకప్పుడు స్వగ్రామమే వెఱ్ఱిదని పిలిచెను.

చిరకాలము చిత్తూరు జిల్లాలో నుండిన తరిగొండలో, 1730 ప్రాంతమున, కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు ఆమె జన్మించెను. చిన్ననాడే ఆటలు మాని, కన్నులు మూసి, తనలో తాను పాడుకొనెడిదట. పెండ్లియైన కొలదికాలమునకే భర్త గతించెను. ఆచారము ప్రకారము శిరోముండనమునకు ఆమె సమ్మతింపలేదు. వేంకటేశ్వరుడే తన భర్తయని చెప్పి, గాజులను కుంకుమను విడువలేదు. ఊరివారి మాటలు కఠినమయ్యెను. దూషించువారే గాని, నీ మనసులో నేమున్నదని అడుగువారు కొరవడిరి.

మదనపల్లెలోని సుబ్రహ్మణ్య దేశికులు ఆమె మాట విని, శిష్యురాలిగా గ్రహించి, యోగమార్గము నుపదేశించిరి. వెఱ్ఱి యని లోకము త్రోసివేసిన ఏకాగ్రతయే అచ్చట విద్యయయ్యెను. తరిగొండ నృసింహునిపై ఆమె శతకము రచించెను. నృసింహాలయమున ధ్యానము చేయుచుండగా పూజారి వెడలగొట్టెననియు, అంతట ఆమె తిరుమల చేరెననియు ఐతిహ్యము. అచ్చటను ఇరుగుపొరుగువారి బాధ తప్పక, తుంబురుకోన గుహలో కొన్ని యేండ్లు తపస్సు చేసెనందురు. మరల కొండపైకి వచ్చి, వేంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము మొదలగు గ్రంథములను రచించెను. యాత్రికులకు అన్నము పెట్టెను. 1817లో తిరుమలలోనే పరమపదించెను.

వెంగమాంబకు మనోవ్యాధి యుండెననుటకు ఆధారము లేదు. అట్లు చెప్పుట న్యాయమును కాదు. అయినను ఆమెపై విసరిన మాటనే నేడు నిజముగా వ్యాధితో బాధపడు వారిపై విసరుచున్నాము. స్కిజోఫ్రీనియా వ్యాధి గలవారు ప్రపంచమున 2 కోట్లకు పైగా నున్నారు. వారిలో పలువురి ముఖమున భావము కనబడకపోవచ్చును. ముఖము నిశ్చలమైనంత మాత్రమున హృదయము శూన్యమని తలపరాదు. ప్రేమ, దుఃఖము, అవమానము వారికిని తెలియును. నలుగురిలో కలియకుండుట గర్వము వలన గాదు. వ్యాధి వలనను, పరిహాస భయము వలనను గావచ్చును. వారికి వైద్యము కావలెను. దానితోపాటు చేయుటకొక పని, పలుకరించుటకొక మనిషియు కావలెను. సమాజము నడుమ జీవించు హక్కు వారికి గలదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది.

తరగతిలో ఎవరితోను కలియక మూలగా కూర్చుండు బాలుడుండును. అతనికి వ్యాధి కలదో లేదో నిర్ణయించుట వైద్యుని పని. అతనికి మారుపేరు పెట్టకుండుట, ప్రక్కన చోటిచ్చి మాట వినుట మాత్రము ఉపాధ్యాయునికిని, తోడి విద్యార్థులకును సాధ్యమే. తరిగొండ చేయనిది, మదనపల్లెలో ఒక గురువు చేసినది అదియే.