కేరీ గారి కుటుంబము: బెంగాలులో తొలి ఏడు నెలలు

విలియమ్ కేరీ గారి పేరు వినని బాప్టిస్టు కుటుంబము మనలో లేదు. చెప్పులు కుట్టిన చేతులతోనే బైబిలు తర్జుమాలు వ్రాసిన మనిషి అని సండేస్కూలులో పిల్లలకు చెప్పుకుంటాము. 1814లో తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన ఆయన శ్రీరాంపూరు ముద్రణాలయము నుండే వెలువడ్డాయి. అయితే ఆ శ్రీరాంపూరుకు చేరక ముందు, పెళ్లాం బిడ్డలతో పరాయి దేశములో దిగిన తొలి రోజులలో ఆయన కుటుంబము ఎలా బ్రతికిందో మన కూటములలో అంతగా వినిపించదు. కోలారు గనులకో, షోలాపూరు మగ్గాలకో, రంగూను రేవుకో మూటాముల్లె సర్దుకొని వెళ్లిన తాతల మనుమలము గనుక ఈ కథ మనకు తెలియాలి.

కేరీ గారు 1761లో ఇంగ్లండులోని పాలర్స్‌పరి అనే పల్లెలో పుట్టారు. 1781లో డొరతీ ప్లాకెట్ అనే ఆమెను వివాహమాడారు. ఆమె ఆయనకన్న నాలుగైదేండ్లు పెద్దది. చదువు లేదు. పెళ్లి రిజిస్టరులో సంతకము బదులు గుర్తు పెట్టింది. ఇద్దరు ఆడపిల్లలను కని, ఇద్దరినీ పసితనములోనే మట్టికి అప్పగించింది. 1792లో బాప్టిస్టు మిషను సంఘము ఏర్పడి, మరుసటి సంవత్సరము భర్త ఇండియాకు ప్రయాణము కట్టేసరికి ఆమె నిండు గర్భిణి. రానని చెప్పింది. కేరీ గారు పెద్ద కుమారుడు ఫెలిక్సును మాత్రమే వెంటబెట్టుకొని ఓడ ఎక్కారు. కంపెనీ వారి అనుమతి లేదని కెప్టెను ఆయనను మధ్యలోనే దించివేశాడు.

ఆ ఆలస్యము డొరతీ గారి బ్రతుకును మార్చివేసింది. తోటి మిషనరీ, వైద్యుడు జాన్ థామస్ గారు ఆమె ఇంటికి వచ్చి గట్టిగా ఒత్తిడి చేశారు. చెల్లెలు కిట్టీ కూడ వస్తేనే వస్తానని ఆమె షరతు పెట్టింది. కిట్టీ సరే అన్నది. సామాను హడావిడిగా సర్దుకొని, నెల దాటిన పసివాడు జాబెజును ఎత్తుకొని, ఏడుగురి కుటుంబము 1793 జూన్ 13న డోవరు రేవులో డేనిష్ ఓడ ఎక్కింది. అయిదు నెలల సముద్ర ప్రయాణము. నవంబరు 11న కలకత్తా. చేతిలో అనుమతి కాగితము లేదు గనుక ఓడ రేవు చేరక ముందే చిన్న పడవలోకి మారి, గుట్టుగా ఊరు చేరారు.

కలకత్తాలో ఖర్చులు దడ పుట్టించాయి. అమ్ముకొని బ్రతకమని సంఘము వారు ఇచ్చి పంపిన సరుకు థామస్ గారి చేతిలో ఉంది. మంచి హృదయము గల మనిషే గాని డబ్బు దగ్గర ఆయనకు లెక్క లేదు. పైగా ఇదివరకు బెంగాలులో చేసిన అప్పుల వాళ్లు చుట్టుముట్టారు. చౌక అని నది పైకి బాండెలుకు మారారు, అక్కడ జరగక తిరిగి వచ్చారు. మాణిక్‌తలాలో ఒక బెంగాలీ ధనికుడు జాలిపడి అద్దె లేకుండ తన చిన్న ఇల్లు ఇచ్చాడు. రక్తవిరేచనాలతో డొరతీ గారు, ఫెలిక్సు మంచము పట్టారు. పుట్టి బుద్ధెరిగి రొట్టె తిన్నవారు, ఇప్పుడు అన్నమే గతి. ఊళ్లో థామస్ గారు వైద్యము చేసుకొంటూ దర్జాగా ఉండగా మేమిక్కడ పస్తులా అని అక్కచెల్లెండ్లు నిష్ఠూరమాడారు. పాత జీవిత చరిత్రలు కొన్ని దీనిని సణుగుడు అని వ్రాశాయి. మేమలా అనలేము. రోగముతో ఉన్న తల్లి, నలుగురు మగపిల్లలు, ఇంట్లో పైసా లేదు, చుట్టూ ఒక్క మాట అర్థము కాని భాష! ఆ స్థితిలో ఎవరు మాట్లాడకుండ ఉంటారు?

కేరీ గారు మాత్రము ఆ రోజులలోనూ మున్షీ రామ్‌రామ్ బసు దగ్గర బెంగాలీ నేర్చుకోవడము మానలేదు. ఆ మున్షీ ద్వారానే సుందరబనాలలో కొన్నాళ్లు శిస్తు లేని అడవి భూమి దొరుకుతుందని తెలిసింది. 1794 ఫిబ్రవరిలో పడవలో మూడు రోజులు ఉప్పుటేరులలో ప్రయాణించి దేభట్టాకు చేరారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. చేరే నాటికి పడవలో మిగిలిన తిండి ఒక్క రోజుకు సరిపోయేది. ఒడ్డున ఒక పక్కా ఇల్లు కనబడింది. అది కంపెనీ ఉప్పు శాఖ ఉద్యోగి చార్లెస్ షార్ట్ గారిది. ఆయనకు దైవభక్తి లేదు, వీరెవరో తెలియదు. అయినా ఏడుగురినీ లోపలికి పిలిచి, మీ ఇల్లు లేచే దాకా ఇక్కడే ఉండండని చెప్పాడు. కేరీ గారు అడవి కొట్టి, వెదుళ్లతో ఇల్లు లేపసాగారు. పులులు తిరిగే చోటు, జ్వరాల నేల.

ఇల్లు పూర్తయీ కాకముందే మాల్దాలోని జార్జి ఉడ్నీ గారి దగ్గర నుండి కబురు వచ్చింది. మడ్నాబతిలో నీలిమందు ఫ్యాక్టరీ మేనేజరు ఉద్యోగము, నెలకు 200 రూపాయల జీతము. దానితో పాటు నీలిమందు వ్యాపారిగా కంపెనీ అనుమతి కూడ దొరికింది. ఇక దాక్కోనక్కరలేదు. తనకు డబ్బు పంపవద్దు, వేరే చోట వాడుకొనండని ఆయన సంఘము వారికి వ్రాశారు.

కాని ఆ పడవలో కిట్టీ ఎక్కలేదు. షార్ట్ గారిని పెళ్లాడి ఆమె అక్కడే ఉండిపోయింది. ఏ షరతు మీద డొరతీ గారు దేశము విడిచారో, ఆ షరతు ఏడాది తిరగకముందే చేజారింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. మూడు వారాలకు పైగా నది మీద ప్రయాణించి, జూన్ 15న ఆరుగురు మాల్దా చేరారు.

ఆ అక్టోబరులో అయిదేండ్ల పీటరు జ్వరముతో చనిపోయాడు. కేరీ గారే జ్వరముతో లేవలేక ఉన్నారు. కులము పోతుందని గుంట త్రవ్వడానికి ఎవరూ రాలేదు. చివరకు నలుగురు ముస్లిములు ఒప్పుకొని త్రవ్వారు, అందుకు వారిని ఊరివారు వెలివేశారు. ఇంగ్లండు నుండి మొదటి ఉత్తరము చేతికందేసరికి బెంగాలు వచ్చి ఏడాదిన్నర గడిచింది. అప్పటికే డొరతీ గారి మనస్సు చెదిరిపోయింది. భర్తను అనుమానించి వీధిలో నిందించేవారు. కొన్ని వేళల గదిలో పెట్టి తాళము వేయవలసి వచ్చేది. ప్రక్క గదిలో కేరీ గారు తర్జుమా చేసుకొనేవారు. పన్నెండేండ్లకు పైగా ఇదే జరిగింది. 1801లో బెంగాలీ క్రొత్త నిబంధన అచ్చయిన ఇంటిలోనే ఆమె కూడ ఉన్నారు. కేరీ గారిని దోషిగా నిలబెట్టాలని మా ఉద్దేశము కాదు. ఆమెను పిచ్చాసుపత్రికి పంపమని చెప్పినవారి మాట ఆయన వినలేదు. అయినా ఆయన పని గురించి చెప్పేటప్పుడు ఆమె పేరు వదిలివేయడము న్యాయము కాదు.

డొరతీ గారు 1807 డిసెంబరు 8న శ్రీరాంపూరులో కన్నుమూశారు. కేరీ గారు 1834 జూన్ 9 వరకు జీవించారు. మళ్లీ ఇంగ్లండు చూడలేదు.

మాణిక్‌తలాలో జబ్బుపడ్డ ఫెలిక్సు పెద్దవాడై, తల్లి చనిపోయిన ఏడే బర్మాకు మిషనరీగా వెళ్లాడు. 1813 జూలైలో అదోనీరామ్ జడ్సన్ దంపతులు రంగూనులో దిగినప్పుడు, ఓడలోనే బిడ్డను పోగొట్టుకొన్న ఆ భార్య నడవలేని స్థితిలో ఉంది. ఫెలిక్సు ఊరిలో లేడు. అతని భార్య వారికి తన ఇంటి తలుపు తెరిచింది.